బాలింత ఇంట్లో పాత బాయిలరు

జాగోర్కాకు భయం కొత్తది కాదు. కొందరికి కీళ్ళవాతం ఉన్నట్టు ఆమెకు భయం ఉండేది. ముసురు పట్టేముందు ముదిరేది, ఎండ కాస్తే సర్దుకునేది, పూర్తిగా మాత్రం ఎన్నడూ వదిలింది లేదు. ఇంట్లోవాళ్ళకు అది అలవాటైపోయింది. పక్క మీదికి చేరేముందు ఆమె స్నానాల గదిలోకి వెళ్ళి, గోడకు వేలాడే బాయిలరు ముందు నిలబడి, దాని చిన్న గాజు కంతలోంచి లోపలి మంటను చూసేది. మంట నీలంగా, నిలకడగా ఉంటే వచ్చి పడుకునేది. పసుపు నాలుక ఒక్కటి కనిపించినా మళ్ళీ లేచేది.

"దానికి జోల కూడా పాడి రా. పాపం, నిద్ర పట్టడం లేదేమో," అనేవాడు భర్త రాతోమిర్, దుప్పట్లోంచి తల బయటపెట్టకుండానే.

ఆ బాయిలరును పెట్టించింది మామగారు. ఆయన పోయాడు, అది మిగిలింది. గ్యాసుతో మండి, నీళ్ళు కాచి, గదుల్లో కిటికీల కింద ఉన్న ఇనప రేడియేటర్లకు పంపించేది. పొగ ఇటుక గొట్టంలోంచి పైకప్పు దాటిపోయేది. ఒకప్పుడు తెల్లగా ఉన్న దాని రేకు ఇప్పుడు పొగతాగేవాడి పళ్ళ రంగుకు తిరిగింది. ఎండాకాలానికి ముందుగదిలో ఒక ఏసీ ఉంది, అదీ ముసలిదే. జులైలో ఊరు పెనంలా కాలినప్పుడు దాన్ని వేసేవాళ్ళు. వేసి, అందరూ దాని గాలి తగలని మూలకు పోయి కూర్చునేవాళ్ళు. అత్తగారు పెర్సా అయితే తలకు రుమాలు చుట్టుకుని, వీపు కూడా దానివైపు పెట్టకుండా పక్కకు తిరిగి కూర్చునేది.

గాలి విషయంలో ఆ ఊళ్ళో అందరూ జ్ఞానులే. రెండు తలుపులు ఒకేసారి తెరిస్తే నడుమ దూసుకొచ్చే సందుగాలికి మెడలు పట్టేస్తాయని, చెవులు పోతాయని, మూతులు వంకరపోతాయని బడి పిల్లల దగ్గర్నుంచి వాళ్ళ పంతుళ్ళ దాకా తెలియనివాళ్ళు లేరు. ఎండకు బస్సులో జనం సొమ్మసిల్లుతున్నా సరే, రెండో కిటికీ తెరవనిచ్చేవాళ్ళు కాదు.

జాగోర్కాది ఆ ఊరు కాదు. తూర్పున హొమోల్యె కొండల్లో పుట్టింది. పెళ్ళయి ఈ పాంచెవో ఊరికి వచ్చి, బడి వంటశాలలో పనికి కుదిరింది. గంగాళాల్లో చిక్కుడుగింజల పులుసు కాచేది. అక్కడి పొయ్యిల మంటలు మోకాలెత్తు లేచినా ఆమె చెయ్యి వణికేది కాదు. యుద్ధం జరిగిన ఏడు బాంబులు పడి ఊరి చివర చమురు కర్మాగారం తగలబడి, పగలు రాత్రయిపోయినప్పుడు కూడా, చిన్నవాడైన కొడుకు వుకాన్‌ను దగ్గర కూర్చోబెట్టుకుని, తలుపు సందుల్లో తడిబట్టలు కుక్కి, బంగాళాదుంపలు తరుగుతూ కూర్చుంది. కనిపించే మంటతో, కనిపించే పొగతో ఆమెకు పేచీ లేదు. కనిపించనిదంటేనే భయం. ఎందుకని రాతోమిర్ అడగలేదు, ఆమె చెప్పలేదు. కాపురాల్లో అలాంటి మూసిన గదులు ఒకటి రెండు ఉంటాయి. అవి ఉన్నాయన్న సంగతి కూడా కొన్నాళ్ళకు మరిచిపోతారు.

అక్టోబరులో, ఏటేటా వచ్చినట్టే, బాయిలరు శుభ్రం చేయడానికి మేస్త్రీ గేజా వచ్చాడు. మూత విప్పి, లోపల తల దూర్చి, చాలాసేపు తడిమి చూశాడు. ఆ ఆలస్యం జాగోర్కాకు నచ్చలేదు.

"చెల్లెమ్మా, ఉన్నమాట చెప్పనా, నువ్వు వినాలనుకుంటున్న మాట చెప్పనా?" అన్నాడు తల బయటికి తీసి.

"ఉన్నదే చెప్పు."

"దీని కాలం తీరింది. లోపలి రేకు ఉల్లిపొరలా ఉంది. సామాను దొరకదు. అదొక్కటే అయితే ఇంకో ఏడు లాగించేద్దును. అసలు సంగతి వేరే ఉంది. ఇది ఊపిరి మీ ఇంట్లోంచే పీలుస్తుంది. మునుపు మీవి చెక్క కిటికీలు, సందులుండేవి, సరిపోయేది. పోయినేడు ప్లాస్టిక్ కిటికీలు వేయించుకున్నారు. సీసాకు బిరడా పెట్టినట్టయింది ఇల్లు. ఇప్పుడు దీని ముక్కు అదొక్కటే."

బయటి గోడకు, నేలకు జానెడెత్తున ఉన్న జాలీ కంతను చూపించాడు. తరవాత అగ్గిపుల్ల గీసి, బాయిలరు పైన పొగగొట్టం మొదలయ్యేచోట పట్టుకున్నాడు. మంట లోపలికి వంగింది.

"ఇలా లోపలికి వంగినంత కాలం నిద్రపో. ఎప్పుడైనా నీవైపు వంగిందా, ఇంకేం ఆలోచించకు, ఆపేసెయ్. పొగ వెనక్కి తిరిగిందన్నమాట. దానికి రంగూ లేదు, వాసనా లేదు."

జాగోర్కా ఆరిన అగ్గిపుల్లను అతని చేతిలోంచి తీసుకుంది. "మరి ఏం చేద్దాం?"

"దీన్నీ, ముందుగదిలో ఏసీనీ రెంటినీ సాగనంపండి. ఒకటే యంత్రం పెట్టుకోండి. బయట గోడకు ఫంకా పెట్టె, లోపల గదులకు చిన్న పెట్టెలు. చలికాలం వేడి, ఎండాకాలం చల్లన. మంట ఉండదు, పొగ ఉండదు. గోడకు కన్నాలు పొడవాలి, రెండు రోజుల పని."

వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న పెర్సా అంతా వింటోంది. "ఆ లోపలి పెట్టె ఏం చేస్తుందిరా గేజా?"

"వేడిగాలి ఊదుతుంది బామ్మా."

"ఊదుతుందా."

"వేడిది బామ్మా."

"వేడిదైతే గాలి కాకుండా పోతుందా? మీ ఆవిడ మీద ఊదించు. ఆవిడ మెడ తిరిగితే అప్పుడు వచ్చి నాకు చెప్పు."

గేజా నవ్వాడు. పెర్సా నవ్వలేదు.

సాయంత్రం బస్సు డిపో నుంచి వచ్చిన రాతోమిర్ చేతులు కడుక్కుంటూనే తీర్పు చెప్పేశాడు. "పని చేస్తోందా లేదా? చేస్తోంది. చేసేదాని జోలికి పోతే చెయ్యనిదవుతుంది. ఇంతకంటే ముసలి ఇంజన్లను డిపోలో నేను కొండలెక్కించాను."

"ఇంజను ఇంట్లో పడుకోదు రాతోమిర్."

"సరే, చూద్దాంలే. ఇంటి పునీతుడి పండుగ అయిపోనీ."

పండుగ అయింది. కొత్త సంవత్సరం వెళ్ళనీ అన్నాడు. అది వెళ్ళాక, పాత పంచాంగం లెక్కన జనవరి ఏడున క్రిస్మస్ రావాలి కదా అన్నాడు. అప్పటికి కోడలు తియానాకు నెలలు నిండాయి. పురుటికి ముందు గోడలు పగలగొట్టేవాడు ఎవడుంటాడు? వాయిదాకు వాయిదా జత కలుస్తూ పోయింది. నిజం చెప్పాలంటే జాగోర్కా కూడా గట్టిగా పట్టుబట్టలేదు. పాతదాని భయం ఆమెకు అలవాటైన భయం. కొత్తదాని భయానికి ఇంకా మొహం కూడా లేదు.

జనవరి చివర్లో ఆడపిల్ల పుట్టింది. దున్యా అని పేరు పెట్టారు. వుకాన్ డాన్యూబు మీద సరుకు పడవలో పనివాడు. ఒక్కరోజు దిగి వచ్చి, పిల్ల పిడికిలి ముద్దాడి, మళ్ళీ ఎగువకు వెళ్ళిపోయాడు. ఇంట్లో నలభై రోజులు మొదలయ్యాయి.

నలభై రోజులు తల్లీ పిల్లా గడప దాటరు. చీకటి పడకముందే పిల్ల బట్టలు తీగ మీంచి లోపలికి రావాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళు పొద్దు ఉండగానే వచ్చి, పిల్లను మరీ పొగడకుండా, దిండు కింద ఏదో ఒకటి పెట్టి వెళ్ళాలి. మణికట్టుకు ఎర్రదారం ఉండాలి. ఇవన్నీ పెర్సా కంటికి రెప్పలా చూసుకునేది. ఆమెకు ఇది ఆచారం మాత్రమే కాదు. ఆమె మొదటి బిడ్డను, నలభై నిండకముందే, ఎవరి మాటో విని పొరుగూరి వైద్యుడికి చూపించడానికి తీసుకెళ్ళారట. బిడ్డ తిరిగి రాలేదు. ఆ మాట పెర్సా ఇంట్లో ఒకసారే చెప్పింది, అదీ ఏదో ఊలు దారం చుడుతూ. కాని ఎవరూ మరిచిపోలేదు.

ఫిబ్రవరిలో కోషవ లేచింది. ఆ గాలి తూర్పు నుంచి నది మీదుగా వస్తుంది. మూడు రోజులు వీస్తుంది, మూడింట ఆగకపోతే ఏడు, ఏడింట ఆగకపోతే ఇరవై ఒకటి అని ఊరి లెక్క. పైకప్పు పెంకులు పళ్ళు కొరికినట్టు చప్పుడు చేశాయి. పొగగొట్టంలో ఎవరో పెద్ద సీసా మూతిలో ఊదుతున్నట్టు హోరు మొదలయింది. జాగోర్కా గాజు కంతలోంచి చూసింది. మంట నీలంగా లేదు. పసుపుగా, మెత్తగా, అటూ ఇటూ ఒరుగుతోంది.

"గేజాను పిలుద్దాం," అంది రాతోమిర్‌తో. "ఇప్పుడే మార్పించేద్దాం."

"ఇప్పుడా? నీకు మతి ఉందా? కోషవలో గోడకు కన్నాలు కొట్టి, వేడి ఆపి, చంటిపిల్లను రెండ్రోజులు ఎక్కడ పెడతావ్, జేబులోనా? నలభై నిండనీ. నేనే దగ్గరుండి మార్పిస్తాను, ఒట్టు."

"నలభై రోజుల్లో ఇంటి గోడ కదిలిస్తారా ఎవరన్నా?" అంది పెర్సా. "తెలిసినదానివి, నువ్వు కూడానా అమ్మాయ్?"

వాళ్ళు చెప్పింది తప్పని జాగోర్కాకు అనిపించలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, నడుమ ఉయ్యాల. చలికి పిల్ల బిగుసుకుపోతే పాపం ఎవరిది? మార్చకుండా ఉంటే ఏమవుతుందో తలచుకోవడానికే మనసు జంకింది. ఏ భయానికి తల వంచాలో తేలక, ఆమె గదికీ గదికీ తిరిగింది. అన్నం తింటున్నప్పుడు కూడా చెవి గొట్టం హోరు మీదే ఉండేది.

రెండు మూడు రోజుల్లో తియానాకు తలనొప్పి పట్టుకుంది. కణతలు పగిలిపోతున్నాయని, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయని అంది. కడుపులో తిప్పడం మొదలయింది.

ఎవరూ కంగారుపడలేదు. ఆ ఊళ్ళో తలనొప్పికి కారణం వెతుక్కోనక్కర్లేదు, పొద్దున్నే రేడియోనే చెబుతుంది. వానా ఎండా చెప్పిన గొంతే ఒంటి సంగతీ చెబుతుంది: గాలి మార్పు వల్ల ఈరోజు తలనొప్పి, చికాకు, మగత ఉండవచ్చు, గుండెజబ్బువాళ్ళు జాగ్రత్త అని. విని అందరూ తలలు పట్టుకుని తృప్తిపడతారు.

"ఇదిగో, రేడియోలో కూడా చెప్పారు," అంది పెర్సా, బంగాళాదుంప చక్రాలు రకీయా సారాలో ముంచి తియానా నుదుటి మీద పేర్చి రుమాలు కడుతూ. "కోషవ తలనొప్పి. నాకూ పట్టేసింది. బాలింతకు ఇంకా ఎక్కువ ఉంటుంది."

"సారా వాసనకు పిల్లకు కూడా ఎక్కేలా ఉంది బామ్మా," అంది తియానా కళ్ళు తెరవకుండా.

"ఎక్కనీ. హాయిగా పడుకుంటుంది."

ఆ మధ్యాహ్నం ఎదురింటి స్మిల్యా పాన్‌కేకుల పళ్ళెంతో వచ్చింది. ఆమె గొంతు ఆమెకంటే ముందు వస్తుంది. వీధి తలుపు తెరుచుకుని, కోషవ ఒక విసురు ఇల్లంతా చుట్టివచ్చింది. పెర్సా తిట్టింది. స్మిల్యా ఉన్నంతసేపూ పిల్లలు, అల్లుళ్ళు, ధరలు, ఎవరి మోకాలు ఎలా ఉందో అన్నీ దొర్లాయి. తియానా లేచి కూర్చుంది, రెండు పాన్‌కేకులు తింది, నవ్వింది కూడా.

"చూశావా, నేనొచ్చేసరికి లేచి కూర్చుంది. ఈ అత్తాకోడళ్ళ మొహాలు చూసే దానికి తలనొప్పి," అంది స్మిల్యా. వెళ్ళబోతూ ఉయ్యాల మీదికి వంగి, దిష్టి తగలకుండా ముందు థూ థూ అని, అప్పుడు అంది. "అయితే ఈ పిల్ల బంగారమే జాగోర్కా. ఏడవనే ఏడవదు. నేనొచ్చిన దగ్గర్నుంచీ నిద్రే. మా వాళ్ళు ఈ వయసులో కప్పు లేపేసేవాళ్ళు."

తలుపు మూసుకుంది. జాగోర్కా ఉయ్యాల పక్కన నిలబడిపోయింది. పిల్ల బుగ్గలు ఎర్రగా, చక్కగా, బొమ్మకు రంగు వేసినట్టున్నాయి.

చిన్నప్పుడు హొమోల్యెలో, కొండ మీది ఇంట్లో, ఆమెకు రూజా అని ఒక చెల్లెలు ఉండేది. ఆ శీతాకాలం రూజా తల బరువుగా ఉందని రెండు పూటలు అంటూనే ఉంది. మంచు పడబోతోంది, అందుకే అన్నారు పెద్దవాళ్ళు. జాగోర్కా ఆ రాత్రి ఊలు వడికే పిన్ని ఇంట్లో ఉండిపోయింది. ఇంట్లో అమ్మమ్మ, వేడి గొట్టంలోంచి వృథాగా పోకూడదని, బొగ్గు ఇంకా ఎర్రగా ఉండగానే పొయ్యి పొగగొట్టానికుండే అడ్డుపలక మూసేసింది. పిల్లలకు వెచ్చగా ఉండాలని మూసింది. తెల్లవారి జాగోర్కా తిరిగొచ్చేసరికి అమ్మా, అమ్మమ్మా మంచులో బోర్లాపడి కక్కుకుంటున్నారు. రూజా లోపలే ఉంది. బుగ్గలు యాపిల్ పళ్ళలా ఉన్నాయి. అంత ఆరోగ్యంగా రూజా ఎన్నడూ కనబడలేదు. ఏడవలేదు, అరవలేదు, ఎవర్నీ లేపలేదు.

ఆ తరవాత ఎన్నేళ్ళు బతికినా అమ్మమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. ఆమెను ఎవరూ ఒక మాట అనలేదు. అనడానికేముంది?

జాగోర్కా కాళ్ళు ఆమెను స్నానాల గదిలోకి తీసుకుపోయాయి. మొదటి అగ్గిపుల్ల విరిగింది. రెండోది వెలిగింది. బాయిలరు పైన, గొట్టం మొదలయ్యేచోట పట్టుకుంది.

మంట కాసేపు నిటారుగా నిలబడింది, ఎటు పోవాలో తెలియనట్టు. పైన గొట్టంలో కోషవ ఒక్కసారి హోరుమంది. మంట మెల్లగా, ఒక తల వంగినట్టు, ఆమెవైపు వంగింది.

ఆమె మీట తిప్పేసింది. లోపల మంట గుప్పున ఆరింది. ఇంట్లో ఎప్పుడూ వినిపిస్తూ ఉండడం వల్ల వినపడని చప్పుడొకటి ఆగిపోయి, ఇల్లు చెవిటిదైనట్టయింది. గేజా చూపించిన కంత కోసం నేలమీదికి వంగింది. అప్పుడు కనిపించింది జాలీ. దాని మీద పెయింటు డబ్బా ఒకటి అడ్డం పెట్టి ఉంది. జరిపింది. వెనకాల కంతలో ఊలు బనీను ఒకటి, చేతులతో సహా, బిగించి బిగించి కుక్కి ఉంది. పెర్సా స్వహస్తాలతో అల్లిన బూడిదరంగు బనీను. లాగితే వెంటనే రాలేదు.

"దాన్ని తియ్యకు," అంది వెనక నుంచి పెర్సా. గుమ్మంలో నిలబడి ఉంది. "అందులోంచి గాలి ఈల వేస్తోంది. పక్క గోడకే ఉయ్యాల. పిల్ల చెవిలోకి పోతుంది."

"ఎప్పుడు పెట్టావు అత్తయ్యా?"

"కోషవ లేచిన రోజు."

జాగోర్కా బనీను లాగి పక్కన పడేసింది. చల్లగాలి ఆమె ముంజేతుల మీదికి దూకింది. లేచి నిలబడింది. "పొగ వెనక్కి తిరుగుతోంది. ఇల్లంతా ఉంది. తియానా తలనొప్పి కోషవ తలనొప్పి కాదు. పిల్లను బయటికి తీసుకుపోవాలి. ఇప్పుడే."

"బయటికా?"

"స్మిల్యా ఇంటికి. అంబులెన్సుకు ఫోన్ చేస్తున్నాను."

పెర్సా కదలలేదు. ఎండిన కట్టెపుల్ల లాంటి మనిషి, గుమ్మానికి రెండు చేతులూ ఆనించి నిలబడేసరికి గుమ్మం నిండిపోయింది. "నలభై నిండలేదు. ఈ గడప నేనుండగా నిండకముందు దాటదు. ఒకసారి దాటించాను నేను. నీకు తెలుసు."

"తెలుసు అత్తయ్యా."

"తెలిసి అడుగుతున్నావా?"

జాగోర్కా చెప్పవలసినవి చాలా ఉన్నాయి: గేజా మాటలు, అగ్గిపుల్ల, బనీను. అవేవీ నోటికి రాలేదు. "నా చెల్లెలు ఇలాగే పోయింది," అంది. "ఏడవలేదు. నిద్రపోతోందని అనుకున్నారు."

ఇన్నేళ్ళ కాపురంలో పెర్సా ఆ మాట వినడం అదే మొదలు. కోడలి మొహం చూసింది. పక్కగదిలోకి చూసింది. అక్కడ తియానా మంచం అంచున కూర్చుని, లేవబోయి, మళ్ళీ కూలబడుతోంది. ఉయ్యాలలోంచి చప్పుడు లేదు.

"గడప మీదుగా వద్దు," అంది పెర్సా.

"అత్తయ్యా, వాదించే పొద్దు లేదు—"

"వాదించడం లేదు, విను. కిటికీలోంచి ఇస్తాను. నువ్వు బయటికి పోయి పట్టుకో. కిటికీలోంచి పోయిన బిడ్డ ఇల్లు వదిలినట్టు లెక్క కాదు. పిల్లలు నిలవని ఇళ్ళలో మా అమ్మ కాలంలో అలాగే అందించేవాళ్ళు. పో, నిలబడతావేం?"

జాగోర్కా పరిగెత్తింది. ఇంటి మూల తిరిగేసరికి కోషవ రొమ్ము మీద చెయ్యి వేసి వెనక్కి నెట్టింది. గోడ పట్టుకుని కిటికీ కిందికి చేరింది. లోపల పెర్సా, చంటిపిల్లల గదిలో సూదిమొనంత గాలి సహించని పెర్సా, ప్లాస్టిక్ కిటికీ రెక్కలు రెండూ ఒక్క ఊపున బార్లా తెరిచింది. తెర బయటికి ఎగిరి చిరిగింది. గదిలో గాజుగ్లాసు ఏదో పడి పగిలింది. ముసలిదాని తలరుమాలు ఎగిరిపోయి తెల్లజుట్టు నిలువునా లేచింది. ఆమె పట్టించుకోలేదు. దుప్పటి మూటను రెండు చేతులతో కిటికీ మీంచి కిందికి వంచింది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

"పట్టుకున్నావా అని అడుగుతున్నాను."

"పట్టుకున్నాను అత్తయ్యా, వదులు."

అప్పుడు వదిలింది.

ఆ వీధి దాటడం జాగోర్కాకు తరవాత ఎప్పుడు తలచుకున్నా పూర్తిగా గుర్తుకురాలేదు. మూటను రొమ్ములో దాచుకుని, గాలికి వీపు పెట్టి, వెనక్కి నడిచింది. ఏడువు తల్లీ, ఒక్కసారి ఏడువు, అంటూ ఉంది. పిల్ల ఏడవలేదు. స్మిల్యా తలుపు తీసి, చూసి, జన్మలో మొదటిసారి నోరు మూసుకుని పక్కకు తప్పుకుంది. తియానాను ఒక చంకన పట్టుకుని, తలకు రుమాలు లేకుండా, కోషవకు ఎదురుగా పెర్సా వీధి దాటి వచ్చింది. తల్లి గడప మీదుగానే వచ్చింది. ఆ కిటికీలో పట్టదు కదా అని తరవాత పెర్సా సంజాయిషీ.

స్మిల్యా ఫోన్ చేసిన అంబులెన్సు వచ్చింది. ఆస్పత్రిలో తల్లికీ పిల్లకూ ఆక్సిజన్ ముసుగులు పెట్టారు. రక్తం తీసి చూసిన డాక్టరమ్మ, ఈ రాత్రి మీరు అక్కడే పడుకుని ఉంటే అని మొదలుపెట్టి, పెర్సా మొహం చూసి మాట మార్చేసింది. ముసుగు రబ్బరు బుగ్గకు నొక్కుకున్నందుకు దున్యాకు కోపం వచ్చి గుక్కపట్టింది. వరండాలో జాగోర్కా గోడకు తల ఆనించి ఆ గుక్కలను వింటూ నిలబడింది. రాతోమిర్ డిపో బట్టలతోనే వచ్చాడు. ఆమె పక్కన నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

తల్లినీ పిల్లనూ స్మిల్యా ఇంట్లో ఉంచి, గేజా పని మొదలుపెట్టాడు. కోషవ ఇంకా వీస్తూనే ఉంది. గోడకు కన్నాలు పడ్డాయి. బయట ఫంకా పెట్టె, లోపల గదుల్లో తెల్ల పెట్టెలు వచ్చాయి. లోపలి పెట్టె ఎక్కడ పెట్టాలో పెర్సా చీపురుకర్రతో గోడమీద చూపించింది. దాని గాలి ఉయ్యాల వైపు, మంచం వైపు, తన కుర్చీ వైపు రాకూడదు. "మరి ఎవరి వైపు రావాలి బామ్మా?" అని గేజా అడిగితే, "రాతోమిర్ వైపు. వాడి వల్లే కదా ఇంత ఆలస్యం," అంది.

పని ముగిసే వేళకు ఒక్క ప్రశ్న మిగిలింది. గేజా బాయిలరు ముందు నిలబడి, గ్యాసు గొట్టం మీద చెయ్యి వేసి అడిగాడు. "దీన్ని ఏం చేద్దాం? తీసేయనా?"

"ఉండనీ," అన్నాడు రాతోమిర్. అతని గొంతులో మునుపటి ధీమా లేదు. నిజంగానే భయపడి అన్నాడు. "కోషవకు తీగలు తెగి కరెంటు పోతూ ఉంటుంది కదా. కరెంటు పోతే ఈ కొత్తది బొమ్మ. పిల్ల చలికి ఏమైపోతుంది? కంత తెరిచే ఉంచుదాం, నేనే కాపలా కాస్తాను. పక్కన ఒకటి ఉందంటే ధైర్యం."

పెర్సా జాగోర్కా వైపు చూసింది. రాతోమిర్ కూడా చూశాడు. ఆ ఇంట్లో పెద్ద విషయాలకు ఆమె మొహం చూడడం ఎవరికీ అలవాటు లేదు, ఆమెకూ లేదు.

రాతోమిర్ చెప్పింది జరిగేదే. కరెంటు పోతుంది. ఏటా పోతుంది. చిన్న పిల్ల, ఫిబ్రవరి, మంచు. ఈ భయం ఆ భయం కంటే చిన్నదేమీ కాదు.

"తీసెయ్ మేస్త్రీ," అంది.

"జాగోర్కా, చలికి—"

"చలి మనిషిని లేపుతుంది రాతోమిర్. అది లేపదు."

గేజా ఇంకెవరి మొహమూ చూడలేదు. మీట కట్టేసి, పెద్ద పానా తీసుకుని గొట్టం విప్పాడు, మొదట్లో బిరడా బిగించాడు. రాతోమిర్, గేజా చెరోవైపు పట్టుకుని బాయిలరును పెరట్లోకి మోసుకుపోయారు. అది పెట్టినప్పుడు పదిహేనేళ్ళవాడైన రాతోమిర్ తండ్రికి చేయి అందించాడట. దించాక కాసేపు దాని రేకు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

తియానా, దున్యా ఇంటికొచ్చారు. గడప మీదుగానా, కిటికీలోంచా అన్నది పెర్సా ఎవర్నీ అడగలేదు. కిటికీ తెరిచి తనే నిలబడింది; పోయిన దారినే రావాలి, లేకపోతే లెక్క తప్పుతుందంది. స్మిల్యా బయట నుంచి అందిస్తూ, "ఈ పిల్ల పెద్దయ్యాక తలుపంటే ఏమిటో తెలియదు. అబ్బాయిలతో కూడా కిటికీలోంచే పోతుంది," అంది. పెర్సా ఆమె చేతిమీద ఒకటి వేసింది.

ఇల్లు వెచ్చబడింది. కొత్త యంత్రం పిల్లి పడుకున్నట్టు సన్నగా గురగురమంది. చూడడానికి మంట లేదు, వినడానికి గొట్టం లేదు. జాగోర్కాకు ఆ వెచ్చదనం నమ్మకంగా అనిపించలేదు. ఎక్కడ నిలబడి దేన్ని చూడాలో తెలియక, సాయంత్రమంతా ఉయ్యాల పక్కనే మేజోళ్ళు కుడుతూ కూర్చుంది.

భోజనాల వేళ, క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండిన సార్మా గిన్నె బల్లమీదికి వస్తుండగా, కోషవ ఒక్క పెద్ద విసురు విసిరింది. ఎక్కడో తీగలు ఒరుసుకున్న చప్పుడు. దీపాలు ఒకసారి మిణికి ఆరిపోయాయి. గురగుర ఆగిపోయింది.

రాతోమిర్ చీకట్లో అగ్గిపెట్టె కోసం తడుముకుంటున్నాడు. 'నేను చెప్పలేదూ' అని అనలేదు. అనకపోవడం కూడా జాగోర్కాకు వినిపించింది. ఆమె చెక్కపెట్టెలోంచి పాత కంబళ్ళు తీసి తియానా మీద, ఉయ్యాల మీద, పెర్సా మోకాళ్ళ మీద కప్పింది. కొవ్వొత్తి వెలిగింది. గోడలు వేడిని మెల్లగా విడుస్తున్నాయి. చలి ముందు నేలమీదికి వచ్చింది, పాదాలకు తగిలింది, తరవాత మోకాళ్ళ దాకా లేచింది. ఊపిరి ఆవిరై కనిపించడం మొదలయింది. తప్పు చేశానా, అనుకుంది. నా భయం కోసం ఇంటిని చల్లబెట్టానా.

ఉయ్యాలలో కంబళి కదిలింది. దున్యా ముందు ఒక్కసారి ముక్కుతో చప్పుడు చేసింది. తరవాత మొహం ముడుచుకుని, నోరంతా తెరిచి, ఇంటిని లేపేసేలా ఏడుపు లంకించుకుంది.

"చలేస్తోంది దానికి," అన్నాడు రాతోమిర్ ఆందోళనగా. "ఎత్తుకో, ఊరుకోబెట్టు."

"ఎత్తుకుంటాను," అంది జాగోర్కా. వంగి పిల్లను తీసుకుని, చొక్కా గుండీలు విప్పి రొమ్ముకు అదుముకుని, పైన కంబళి కప్పింది. చల్లటి చిన్న పాదాలు ఆమె పొట్టను తన్నాయి. ఊరుకోబెట్టడానికి మాత్రం తొందరపడలేదు.